పిడికిలి మలుపు

పిల్లలూ, మీరు ఇక్కడే పుట్టారు. నడక రాకముందే ఈ మంచులో పడి లేచారు. అయినా పిడికిలి మలుపు సంగతి మీకెవరూ చెప్పలేదు. బడిలో చెప్పరు. మంచు మీద నడిచే స్నోమొబైల్ బండ్ల క్లబ్బు వాళ్ళు అసలే చెప్పరు. రేపో మాపో మీరూ బండెక్కి ఆ కొండ మీదికి పోతామంటారు... అప్పుడు ఆపగలనో లేదో. అందుకే ఇప్పుడే చెబుతున్నాను. దీపం ఆర్పక్కర్లేదు, ఉండనివ్వండి.

మీ బడి బస్సు నడిపే ఒడీల్ ఉంది కదా. పిల్లలందరూ ఎక్కాక, బస్సు కదిలే ముందు, ఆవిడ అద్దంలోకి చూసి ఎడమ పిడికిలి పైకెత్తుతుంది. మీరూ వెనక సీట్లోంచి పిడికిళ్ళు ఎత్తి నవ్వుతారు. ఆ నవ్వు వెనకాల ఉన్న కథే ఇది. ఒడీల్ చెప్పగా విన్నాను, ఆవిడ తమ్ముడు రెజాన్ చెప్పగానూ విన్నాను. ఒక్కచోట ఇద్దరి మాటకీ పొంతన లేదు. అదీ దాచకుండా చెబుతాను.

మన ఊరు లాన్స్-బ్రూలే నుంచి షిక్-షోక్ కొండల మీదుగా అవతలి లోయకి బండ్ల దారి పోతుంది. పగలు చూస్తే కన్ను తిప్పుకోలేం. కొత్త మంచు పడ్డ మర్నాడైతే చెట్లన్నీ నిండా దుప్పటి కప్పుకుని నిలబడి ఉంటాయి. కనుమ మీదికి ఎక్కితే దూరంగా సముద్రం, దాని మీద తేలే మంచు పలకలు.

ఆ కనుమ దిగి మన వైపు వస్తుంటే ఒక మలుపు ఉంది. ఎడమ పక్క గోడలాగా కొండ. కుడి పక్క లోతు. మలుపు దాటాక చెక్క వంతెన.

చీకటి పడ్డాక ఆ మలుపులో ఎవరూ నిజం చెప్పరు.

అదేమిటంటే — కొండ దారిలో ఎదురుగా బండి కనిపిస్తే, ముందున్నవాడు చెయ్యెత్తి వేళ్ళు చూపిస్తాడు. రెండు వేళ్ళయితే, నా వెనక ఇంకో రెండు బండ్లు వస్తున్నాయి, చూసుకో అని. చివరివాడు పిడికిలి చూపిస్తాడు. నేనే ఆఖరు, నా వెనక ఎవరూ లేరు అని. చీకట్లో, మలుపుల్లో, ప్రాణాలు ఆ చేతి మీదే ఉంటాయి.

చాలా ఏళ్ళ కిందట అర్మాన్, ఎలోయ్ అని అన్నదమ్ములు ఆ దారిన ఇంటికి వస్తున్నారు. పొద్దున్నే మాటా మాటా అనుకున్నారట. మలుపులో తమ్ముడి బండి మొరాయించింది. అన్న ఆగలేదు. వంతెన దగ్గర ఎదురుగా ఐదుగురు వచ్చారు. అర్మాన్ వెనక్కి తిరిగి చూడనైనా చూడకుండా... పిడికిలి ఎత్తాడు.

ఆ ఐదుగురూ మలుపు దగ్గరికి వెళ్ళేసరికి కొండ మీది మంచు జారి దారికి అడ్డంగా పడి ఉంది. వాళ్ళ దగ్గర పారలున్నాయి. చేతులున్నాయి. కానీ, "ఆఖరివాడు మనకి ఎదురయ్యాడుగా, దీని కింద ఎవరుంటారు?" అనుకుని వెనక్కి తిరిగారు.

ఎలోయ్ దాని కిందే ఉన్నాడు.

ఆ చలికాలం వెళ్ళకముందే అర్మాన్ ఒక్కడే తన పసుపు పచ్చ బండి మీద మలుపు దాకా పోయాడు. తిరిగి రాలేదు.

అప్పట్నుంచి చీకటి పడ్డాక అక్కడ ఎదురుగా ఒక పాత బండి వస్తుందనీ, దాని మీది మనిషి ఒక్క వేలు ఎత్తి చూపిస్తాడనీ, అతని వెనక మాత్రం ఎవరూ రారనీ చెప్పుకుంటారు. ఆ వేలు మనలో ఒకర్ని అడగడమేనట. అందుకని ఊరంతా ఒక కట్టుబాటు పెట్టుకున్నారు — ఆ మలుపులో ముందున్నవాడైనా, మధ్యలోవాడైనా పిడికిలే చూపించాలి. మా దగ్గర ఎవరూ లేరు, అడక్కు అని. వంతెన దాటేదాకా వెనక్కి చూడకూడదు. చూస్తే లెక్కలో ఒకరు తగ్గుతారు.

ఇక అసలు సంగతి.

ఫిబ్రవరి నెల. రెండు రోజులు ఆగకుండా మంచు కురిసి మూడో రోజు తెరిపిచ్చింది. ఒడీల్, తమ్ముడు రెజాన్, కూతురు కోరాలీ — ముగ్గురూ మూడు బండ్ల మీద కొండెక్కారు. కోరాలీకి అప్పుడు పదిహేడు. పగలంతా తిరిగి అవతలి లోయలో మజిలీ దగ్గర ఆగారు. పొయ్యి పక్కన కూర్చుని బఠాణీ సూప్ తాగుతుంటే తగాదా మొదలైంది.

"ఇంటికి పోయేటప్పుడు చివర నేనొస్తా," అంది కోరాలీ, గిన్నె అడుగు రొట్టెతో తుడుస్తూ.

"చివర వచ్చేవాళ్ళకి అనుభవం ఉండాలి," అంది ఒడీల్.

"ఎప్పుడూ మధ్యలో పెడితే అనుభవం ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందమ్మా? నీ బండి లేపే మంచంతా నేను మింగుతున్నా."

"చివరొస్తే నాది మింగుతావు," అన్నాడు రెజాన్. "నాది నాణ్యమైన సరుకు."

"నీ బరువుకి అది లేవను కూడా లేవదులే మామయ్యా. అణిగిపోతుంది."

రెజాన్ ఇంకో గిన్నె సూప్ పోయించుకున్నాడు. ఒడీల్ కూతురి వైపు తిరిగింది.

"సరే. కానీ మాటిమాటికీ వెనక్కి చూస్తాను. ఇద్దరి దీపాలూ నాకు కనబడాలి. కనబడలేదా... వెనక్కి వచ్చేస్తాను."

"రా. ఎవరొద్దన్నారు?"

మజిలీ వదిలేసరికే వెలుగు తగ్గింది. ఫిబ్రవరిలో మన దగ్గర పొద్దు ఎంతసేపు ఉంటుంది కనుక. కనుమ ఎక్కేసరికి చీకటి. గాలి లేదు. చలికి ముక్కు లోపల వెంట్రుకలు కూడా బిగుసుకున్నాయి.

కనుమ మీద ఒడీల్ వెనక్కి చూసింది. ఒక దీపం... దాని వెనక కొంచెం దూరంగా ఇంకో దీపం. ఇద్దరూ ఉన్నారు.

దిగడం మొదలుపెట్టింది.

మలుపు వచ్చింది. ఆవిడకి చిన్నప్పట్నుంచీ తెలిసిన మలుపే. మెడ బిగించి ముందుకే చూస్తోంది. ఇంకా సగం దాటలేదు —

ఎదురుగా చెట్ల మధ్య ఒక వెలుగు.

ఇప్పటి బండ్ల దీపాలు తెల్లగా కళ్ళల్లో పొడుస్తాయి. ఇది అలా లేదు. పసుపుగా, మసకగా, గాజు మీద మంచు పేరుకున్నట్టుగా ఉంది. మెల్లగా వస్తోంది.

ఒడీల్ బండి కుడి అంచుకి తీసింది. అలవాటు కొద్దీ చెయ్యి పైకి లేచింది. రెండు వేళ్ళు విచ్చుకున్నాయి... అప్పుడు గుర్తొచ్చింది, తను ఎక్కడుందో.

వేళ్ళు ముడిచింది. పిడికిలి.

ఎదుటి మనిషి చెయ్యెత్తాడు. ఒక్క వేలు.

దగ్గరికి వచ్చాడు. తలకి హెల్మెట్ లేదు, ఉన్ని టోపీ ఉంది. చెయ్యి దించలేదు. పక్కనుంచి పోతూ కూడా ఆ వేలు అలాగే ఉంది. ఆవిడ వైపు తిరిగి, మరోసారి... ఇంకాస్త పైకెత్తి చూపించాడు.

ఇక్కడే వాళ్ళిద్దరి మాటా కలవదు. అతని గడ్డం నిండా మంచు ఉందనీ, కళ్ళు ఎంతో అలిసిపోయి ఉన్నాయనీ ఒడీల్ అంటుంది. టోపీకీ మఫ్లరుకీ మధ్య ఏమీ లేదని రెజాన్ ఒట్టేసి చెబుతాడు. ఏది నిజమో నాకు తెలియదు.

అతను వెళ్ళిపోయాడు. అతని బండి మోత ఒడీల్‌కి వినబడలేదు. తన బండి చప్పుడులో కలిసిపోయిందేమో అనుకుంది. అలా అనుకుని ముందుకే చూస్తూ పోయింది. అతని వెనక రావలసిన ఆ ఒక్కరి కోసం అంచునే పట్టుకుని పోయింది.

ఎవరూ రాలేదు.

వంతెన దాటింది. అప్పుడు వెనక్కి తిరిగింది.

ఒక్క దీపం.

ఆ దీపం వచ్చి పక్కన ఆగింది. రెజాన్. హెల్మెట్ అద్దం ఎత్తాడు.

"చూశావా అక్కా?"

"కోరాలీ ఏది?"

"వస్తోంది... వెనకే. నా మంచు కళ్ళల్లో పడుతోందంటే, కాస్త దూరంగా రమ్మన్నా. నేనే చెప్పా."

"మలుపులో చూశావా దాన్ని?"

"మలుపులో ఎలా చూస్తాం అక్కా?"

బండ్లు ఆపేశారు. దీపాలు ఆరిపోయాయి. చెవులు రిక్కించారు.

కొత్త మంచు పడ్డ రాత్రి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మీకు తెలుసు. చప్పుడంతా మంచే మింగేస్తుంది. బండి మోత లేదు. గాలి లేదు. 

"నువ్వేం చూపించావురా అతనికి?" అంది గొంతు తగ్గించి.

"పిడికిలే. ఇంకేం చూపిస్తాను?"

"నేనూ పిడికిలే. నా బిడ్డ వెనకాల ఉంటే, నా వెనక ఎవరూ లేరని చెప్పి వచ్చాను."

"అందరూ అంతే కదక్కా. మన నాన్నా అంతే."

"అతను ఎంతమందిని చూపించాడు?"

"ఒకర్ని. కానీ వెనక ఎవరూ రాలేదు."

"అతని వెనక ఎవరూ రాలేదు. మన వెనకే ఒకరు లేరు." ఒడీల్ బండి తాళం తిప్పింది. "ఆ వేలు అతని లెక్క కాదురా. మన లెక్క. మనవాళ్ళు ఒకరు వెనక ఉండిపోయారని."

రెజాన్ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా... చీకట్లో ఆ మలుపుకి తిరిగి పోయినవాళ్ళు లేరు. కాసేపు చూద్దాం. బండి బెల్టు జారిందేమో, సరిచేసుకుని వచ్చేస్తుంది."

"ఎలోయ్ గురించి కూడా అలాగే అనుకుని ఉంటారు," అంది ఒడీల్. చెయ్యి విడిపించుకుంది.

ఇద్దరూ వెనక్కి తిరిగారు. రెజాన్ రానన్నాడని మాత్రం ఎప్పుడూ అనకండి. భయపడుతూనే వచ్చాడు.

మలుపులోకి రాగానే కనబడింది. ఆ పసుపు వెలుగు... కదలడం లేదు. లోతు వైపు అంచు మీద నిలబడి ఉంది. దారి మీదికి కాదు, కిందికి పడుతోంది.

ఒడీల్ బండి దిగింది. రెండడుగులు వేసేసరికి నడుము దాకా దిగబడింది. ఈదుతున్నట్టే ముందుకు పోయింది. పసుపు వెలుగు పడ్డచోట, చెట్ల కిందుగా, తెల్లటి మంచులో ఏదో ఎర్రగా...

హెల్మెట్.

"కోరాలీ."

"అరవకు," అని కింద నుంచి సన్నగా వినబడింది. "పైన కొండ మూలుగుతోంది."

నిజమే. ఒడీల్ ఊపిరి బిగబట్టింది. పైన చీకట్లో మంచు బరువుగా ఒక్కసారి కుంగింది... వుఫ్ అని, ఎవరో నిద్రలో నిట్టూర్చినట్టు. ఆ చప్పుడు తెలిసినవాళ్ళు దాని కింద ఒక్క క్షణం కూడా నిలబడరు.

ఒడీల్ అంచు వైపు తలెత్తి చూసింది. వెలుగు లేదు. రెజాన్ ఒక్కడే పార పట్టుకుని దిగుతున్నాడు.

బండి పక్కకి ఒరిగి కోరాలీ కాలి మీద పడి ఉంది. రెజాన్ లేపిన మంచులో ముందు ఏమీ కనబడక, దారే అనుకుని వట్టి మంచు మీదికి పోనిచ్చింది. పడగానే దీపం పగిలింది, ఇంజను ఆగింది. ఎంత కేకేసినా ముందున్నవాళ్ళకి వినబడదు.

తవ్వారు. ఎవరూ మాట్లాడలేదు. పార మంచులో దిగుతున్న చప్పుడుకే ఒళ్ళు జలదరిస్తోంది. రెజాన్ భుజం పెట్టి బండి లేపాడు, ఒడీల్ కూతుర్ని చంకల కింద పట్టుకుని లాగింది. బూటు ఒకటి కిందే ఉండిపోయింది. రెజాన్ తన చేతి తొడుగు తీసి ఆ పాదానికి తొడిగాడు.

"ఆ పెద్దాయన్ని మీరే పంపారా?" కోరాలీ గుసగుసగా అంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "పైన అంచు మీద నిలబడి దీపం వేశాడు. దిగి సాయం చెయ్యచ్చుగా... చెయ్యడు. ఊరికే వేలు చూపిస్తాడు. ఒక్క నిమిషం ఆగమంటున్నాడేమో అనుకున్నా. ఎంతసేపటికీ అదే. ఒళ్ళు మండి నేనూ ఒక వేలు చూపించా."

ఏ వేలో మీకు చెప్పను.

"అన్నీ మీ అమ్మ పోలికలే," అని గొణిగాడు రెజాన్. నవ్వబోయాడు, రాలేదు.

కోరాలీ బండి అక్కడే వదిలేశారు. తల్లి తన వెనక కూతుర్ని కూర్చోబెట్టుకుని నడుముకి తాడుతో కట్టుకుంది. రెజాన్ వెనక బండి మీద. వంతెన ఇంకా దాటారో లేదో —

వెనక కొండ జారింది.

ఉరుము కాదు. ఉరుము పైన ఉంటుంది. ఇది కాళ్ళ కింద నుంచి వచ్చింది. వెనక నుంచి చల్లటి పొడి వచ్చి ముగ్గురి మీదా కురిసింది. బెల్టు సరిచేసుకుని వస్తుందిలే అని వంతెన దగ్గరే కూర్చుని ఉంటే... ఆ మాట ఎవరూ పైకి అనలేదు. కోరాలీ తల్లి వీపుకి మొహం ఆనించింది. ఒడీల్ ఆగలేదు.

కొండ అడుగున దారి చదును చేసే యంత్రం నిలబడి ఉంది. ఇల్లంత ఉంటుంది కదా అది. క్లబ్బు తరఫున ఒరేల్ తాత నడిపేవాడు అప్పట్లో. చివరి బండి దిగిందని తేలితే గానీ ఆయన పైకి కదలడు.

ఒడీల్ దగ్గరికి వస్తూ చెయ్యెత్తింది. ఈసారి పిడికిలి కాదు. ఒక్క వేలు. నా వెనక ఒక బండి ఉంది.

యంత్రం పక్కన ఆపింది. ఒరేల్ తాత తలుపు తీసి తొంగి చూశాడు.

"పిల్లకేమైంది?"

"కాలు. విరగలేదనుకుంటా. పైకి పోకు తాతా, మలుపులో మంచు జారింది."

"విన్నా." ఆయన ఒడీల్ వెనక్కి చూశాడు. రెజాన్ వచ్చి ఆగాడు. "అయితే ఇంకా ఎవరు రావాలి?"

"ఎవరూ లేరు. రెజానే ఆఖరు."

ఒరేల్ తాత నొసలు చిట్లించాడు. "మరి వీడు ఒక వేలు చూపించాడేం?"

ఒడీల్ తమ్ముడి వైపు తిరిగింది. రెజాన్ హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఆ వేలు ఇంకా దించలేదు. దించడం మర్చిపోయినట్టున్నాడు.

"మంచు జారాక... వంతెన దగ్గర్నుంచి," అన్నాడు మెల్లగా, "నా వెనక ఒక దీపం వస్తోంది అక్కా. దగ్గరికి రాలేదు. వదల్లేదు కూడా. ఉన్నవాణ్ణి లేడని ఎలా చెప్పను? ఒకసారి చెప్పాను కదా ఇవాళ. చాలు."

ఒరేల్ తాత యంత్రం దీపాలన్నీ దారి మీదికి తిప్పాడు. చివరివాడు వచ్చేదాకా ఆగడం కొండ దారిలో మర్యాద. ఆగారు.

చెట్ల మధ్య పసుపు వెలుగు కనబడింది. మెల్లగా దిగింది. చెట్లు అయిపోయేచోట, యంత్రం దీపాల అంచున, ఆగింది.

పసుపు పచ్చ పాత బండి. ఉన్ని టోపీ.

అతను తల తిప్పి తన వెనక ఖాళీ దారిని చాలాసేపు చూశాడు. మళ్ళీ చూశాడు. తర్వాత ఇటు తిరిగి చెయ్యి పైకెత్తాడు... వేళ్ళు ఒక్కొక్కటిగా ముడుచుకున్నాయి.

పిడికిలి.

నేనే ఆఖరు. నా వెనక ఎవరూ లేరు.

ఈసారి అది నిజం.

వెలుగు ఆరిపోయింది. ఒరేల్ తాత దిగి టార్చి పట్టుకుని చెట్ల దాకా నడిచి వెళ్ళాడు. కొండ దిగివచ్చిన జాడలు రెండు బండ్లవే ఉన్నాయి. మూడోది లేదు.

ఆయన తిరిగి వచ్చి మెట్టెక్కి కూర్చున్నాడు. తలుపు వేసుకునే ముందు ఒక్క మాటే అన్నాడట — "సరే. అందరూ దిగినట్టే."

ఆ తర్వాత మలుపులో ఆ వెలుగుని చూశామన్నవాళ్ళు నాకు ఎవరూ తగల్లేదు. కానీ ఇప్పటికీ కొందరు, పాత భయం కొద్దీ, అక్కడ పిడికిలే చూపిస్తారు. మీరు అలా చెయ్యకండి. చీకటైనా, భయమైనా, ఎవరెన్ని చెప్పినా... మీ వెనక ఎంతమంది ఉంటే అన్ని వేళ్ళే చూపించండి. చూపించే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూడండి.

రేపు బస్సులో ఒడీల్, వెనక ఎవరూ మిగల్లేదని చూసుకుని, పిడికిలి ఎత్తినప్పుడు నవ్వకండి. పక్క సీట్లో చిన్న పిల్లలు ఎవరైనా ఉంటే, ఆవిడ అలా ఎందుకు చేస్తుందో నెమ్మదిగా చెప్పండి. వాళ్ళు పెద్దయ్యాక ఇంకా చిన్నవాళ్ళకి చెప్పాలని కూడా చెప్పండి. చెబుతారు కదూ?